తల్లి కడుపు, తండ్రి సంతకం: ‘బూమి మానుసియా’లో ఒంతొసొరొ పాత్ర

పులికాటు సరస్సుకు ప్రళయకావేరి అనే పేరున్నదని స.వెం. రమేశ్ ‘ప్రళయకావేరి కథలు’ చదివిన హోసూరు, కృష్ణగిరి విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు. రెండు రాష్ట్రాల నడుమ చీలిపోయిన ఆ సరస్సు చుట్టూ తెలుగు ఎంత చిక్కగా నిలిచిందో చూపడానికి మనం ఆ కథలను ఉదహరిస్తుంటాం. ఆ సరస్సు దక్షిణపు కొసన ఉన్న ఊళ్లోనే డచ్చివారు 1610లో వర్తకశాల తెరిచి, 1613లో గెల్డ్రియా అనే కోట కట్టారు. 1690 దాకా కోరమాండల్ తీరంలోని వారి స్థావరాలన్నిటికీ అదే ముఖ్యపట్టణం. మచిలీపట్నం వర్తకం కూడా దాని అదుపులోనే నడిచింది. అక్కడ ఓడలకెక్కినవి నేతబట్టలు మాత్రమే కావు. 17వ శతాబ్దంలో కరువు వచ్చినప్పుడల్లా ఈ తీరంలో వేలమందిని బానిసలుగా కొని, బటావియాకు, అంటే నేటి జకార్తాకు, తరలించారు. వారిలో స్త్రీలూ ఉన్నారు. డచ్చి ఇళ్లలో వండిపెట్టారు, పిల్లల్ని కన్నారు. కంపెనీ పత్రాలలో వారి పేర్ల పక్కన ఇంటిపేరుకు బదులు ‘కోరమాండల్’ అనో ‘తీరం’ అనో రాసి ఉంటుంది. అంతకు మించి వారి గొంతు మనకు వినిపించదు.

అదే డచ్చి ఏలుబడిలో, అటువంటి ఇంట్లోనే, పెళ్లి లేకుండా ఇద్దరు బిడ్డల తల్లి అయిన ఒక జావా స్త్రీకి గొంతునిచ్చిన నవల ‘బూమి మానుసియా’. పేరులోని రెండు మాటలూ మనకు చుట్టాలే: భూమి, మనుష్య. రచయిత ప్రముద్య అనంత తుర్ (1925–2006) ఇండొనేసియా ఆధునిక సాహిత్యంలో అందరికన్నా పెద్ద పేరు. 1965లో సైన్యం ఆయనను విచారణ లేకుండా నిర్బంధించింది. 1969 నుంచి 1979 దాకా బూరు ద్వీపంలో ఉంచింది. కాగితం, కలం చేతికి రాకముందే 1973లో ఈ కథను తోటి ఖైదీలకు నోటితో చెప్పాడు. 1975లో రాశాడు. 1980లో అచ్చయింది, 1981లో ప్రభుత్వం నిషేధించింది. మాక్స్ లేన్ చేసిన ఆంగ్లానువాదం 1982లో వచ్చింది. ఈ వ్యాసానికి ఆధారం ఆ అనువాదమే.

నవల అంతా మింకె అనే విద్యార్థి చెప్పే కథ. కాలం 1898, స్థలం సురబయ నగరం. అయితే నవలకు వెన్నెముక మింకె కాదు, అతను ప్రేమించిన పిల్ల అన్నెలీస్ కూడా కాదు. ఆ పిల్ల తల్లి ఒంతొసొరొ. ఆమె అసలు పేరు సానికెం. తండ్రి తులాంగన్ చక్కెర మిల్లులో గుమాస్తా. కోశాధికారి పదవి మీద ఆశతో పద్నాలుగేళ్ల కూతుర్ని మిల్లు నడిపే డచ్చి దొర హెర్మన్ మెల్లెమాకు అప్పగిస్తాడు. చేతికందిన రొక్కం 25 గిల్డర్లు. ఆ రోజు ఇల్లు విడిచిన సానికెం మళ్లీ తల్లిదండ్రుల మొహం చూడదు. వాళ్లు వచ్చినా గడప దాటి వెళ్లి పలకరించదు. దొర దగ్గర డచ్చి భాష, లెక్కలు, పశువుల పెంపకం, వ్యాపారం నేర్చుకుంటుంది. వొనొక్రొమొలో ‘బౌటెన్‌జోర్గ్’ అనే పెద్ద పాడి కమతాన్ని తన చేతి మీద నడుపుతుంది. ఆ కమతం పేరు చుట్టుపక్కల జావా జనం నోట నలిగి ‘ఒంతొసొరొ’ అయి, ఆమె పేరుగా స్థిరపడింది.

పేరుకు ముందు వచ్చే ‘న్యాయి’ అనే మాట గురించి ఒక ముక్క. అది మన చెవికి న్యాయంలా వినిపిస్తుంది గాని దానితో సంబంధం లేదు. ఒకప్పుడు ఆ దీవులలో స్త్రీని మన్నించి పిలిచే మాట. దొరల ఇళ్లలో పడి దిగజారింది. ఇల్లు చూసుకునేది, పక్క పంచుకునేది, పెళ్లాం కానిది అని అర్థం స్థిరపడింది. మన ‘భోగం’, ‘సాని’ అనే మాటలకు పట్టిన గతి తెలిసినవారికి ఇది వింతగా తోచదు. 19వ శతాబ్దం చివర ఇండీస్‌లోని ఐరోపా మగవాళ్లలో దాదాపు సగంమంది ఇలా న్యాయితోనే కాపురం చేశారని చరిత్రకారుల అంచనా. ఏ మారుమూలో జరిగిన చాటుమాటు వ్యవహారం కాదిది. ఒక సమాజపు మామూలు.

ఇటువంటి పాత్ర మన చేతికి చిక్కితే మనం ఏం చేస్తాం? పాత్రచిత్రణ అని ప్రశ్న రాగానే శీలం తక్కెడ బయటికి తీస్తాం. ఆమె పతిత కాదు, పరిస్థితులు అలా చేశాయి అని ఒకరు రాస్తారు. శీలం అనేదే ఒక కట్టుబాటు, ఆమె తిరుగుబాటుదారు అని ఇంకొకరు రాస్తారు. రెండింటికీ మార్కులు పడతాయి. రెండింటిలోనూ తూనిక రాయి ఒకటే. ఒంతొసొరొ ఆ తక్కెడలో తూగదు. పెళ్లి లేకుండా తల్లి అయినందుకు ఆమె సిగ్గుపడదు, దాన్ని గొప్పగానూ చెప్పుకోదు. ఆమెను నవల పొడవునా వెంటాడేది వేరే ప్రశ్న: బిడ్డ ఎవరిది? ఇది మమకారానికి సంబంధించిన ప్రశ్న కాదు, దస్తావేజుకు సంబంధించినది.

ఈ ప్రశ్న మన సాహిత్యానికి కొత్త కాదు. నన్నయ శకుంతలోపాఖ్యానం మనలో చాలామందికి పాఠ్యభాగం. సాక్షులు లేని గాంధర్వ వివాహం, అడవిలో పుట్టిన కొడుకు. ఆ కొడుకును చేత పట్టుకుని శకుంతల నిండు సభకు వస్తుంది. నన్నయ భారతంలో ఉంగరం లేదు, శాపం లేదు. దుష్యంతునికి అంతా గుర్తుంది. గుర్తుండీ ఎరగనంటాడు. అందుకే కాళిదాసు శకుంతల కంటె నన్నయ శకుంతల ఎక్కువ కోపంతో, ఎక్కువ తర్కంతో మాట్లాడుతుంది. సత్యం ఏమిటో రాజుకు చెప్పే ధైర్యం ఆమెది. ఆమె అడిగేదల్లా ఒకటే: వీడు నీ కొడుకు, ఆ మాట నలుగురిలో చెప్పు. చివరికి ఆకాశవాణి సాక్ష్యం చెబుతుంది, రాజు ఒప్పుకుంటాడు, భరతుడు యువరాజవుతాడు. తండ్రి ‘నావాడు’ అన్నాక చిక్కు విడిపోతుంది. తల్లికి కొడుకుతో పాటు చోటు దొరుకుతుంది. కుంతికి ఆ అదృష్టం లేదు. ఆమె బిడ్డను ఏట్లో వదిలేసింది, ఆ మౌనం నుంచే భారతంలో సగం దుఃఖం పుట్టింది. ఎలా చూసినా మన కథలు మనకు నేర్పింది ఒకటే: పెళ్లి లేని తల్లికి కావలసింది తండ్రి ఒప్పుకోలు.

ప్రముద్య ఈ సూత్రాన్ని తలకిందులు చేశాడు. ఒంతొసొరొ కథలో తండ్రి ఒప్పుకుంటాడు. మెల్లెమా ఆమెను పెళ్లి చేసుకోనన్నాడు గాని, రోబర్ట్, అన్నెలీస్ ఇద్దరూ తన బిడ్డలేనని చట్టప్రకారం నమోదు చేయించాడు. మొదట ఆమె సంతోషిస్తుంది. తరవాత గాని ఆ సంతకం చేసిన పని ఆమెకు తెలియదు. ఆ క్షణం నుంచి చట్టం దృష్టిలో వారు మెల్లెమా బిడ్డలు, ఐరోపావారు. ఆమె వారికి ఏమీ కాదు. కన్నది తానే అయినా, పాలిచ్చి పెంచింది తానే అయినా, కాగితం మీద ఆ పిల్లలకు తల్లి లేదు.

ఇది నవలాకారుని అతిశయోక్తి అనుకోరాదు. 1848లో డచ్చి ఇండీస్‌లో అమలైన పౌరస్మృతిలో ఈ ఏర్పాటు ఉంది. దేశీయ స్త్రీకి పెళ్లి బయట పుట్టిన బిడ్డను ఐరోపా తండ్రి అంగీకరిస్తే, తల్లితో ఆ బిడ్డకుండే చట్టసంబంధం అక్కడితో తెగిపోతుంది. ఎందుకిలా? ఆ సమాజంలో మనుషులను ఐరోపావారు, దేశీయులు అని వేరువేరు ఖాతాలలో రాసేవారు. కోర్టు, పన్ను, బడి, శిక్ష అన్నీ ఖాతాను బట్టి. ఒకే బిడ్డ రెండు ఖాతాలలో ఉండటానికి వీల్లేదు. బిడ్డ ఆ గట్టుకు చేరాలంటే ఈ గట్టుకు కట్టిన తాడు తెంపాలి. ఆ తాడే తల్లి. మన దేశంలో 1956 నాటి హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం 6వ సెక్షన్ పెళ్లి బయట పుట్టిన బిడ్డకు మొదటి సంరక్షకురాలు తల్లి అని, తండ్రి ఆమె తరవాతనేనని చెబుతుంది. 2015లో సుప్రీంకోర్టు, పెళ్లికాని తల్లి తన బిడ్డ సంరక్షకత్వం కోరినప్పుడు తండ్రి పేరు బయటపెట్టనక్కరలేదని తీర్పిచ్చింది. ఈ రెండూ పక్కన పెట్టుకుని చదివితే, ఒంతొసొరొ ఎదుర్కొన్న చట్టం ఏ వైపు నుంచి నడిచిందో విద్యార్థికి తేటపడుతుంది.

ఈ తెగతెంపుల ఫలితం నవల చివరి భాగంలో బయటపడుతుంది. మెల్లెమాకు హాలెండులో చట్టబద్ధమైన భార్య ఉంది, మౌరిట్స్ అనే కొడుకున్నాడు. మెల్లెమా ఒక వేశ్యాగృహంలో చచ్చిపడి ఉంటాడు. ఆ తరవాత ఆమ్‌స్టర్‌డామ్ న్యాయస్థానం ఆస్తిని పంచుతుంది. ఇరవై ఏళ్లు కమతాన్ని నిలబెట్టిన ఒంతొసొరొకు అందులో పేరే లేదు. అన్నెలీస్ అప్పటికి మింకెను ఇస్లాం పద్ధతిలో పెళ్లాడింది. ఆ పెళ్లిని చట్టం గుర్తించదు, ఆమె మైనరు కనుక సంరక్షకుడు మౌరిట్స్ అంటుంది. సవతి అన్న చేతికి పిల్లను అప్పగించాలి, ఓడెక్కించి హాలెండు పంపాలి. తల్లి అడ్డుకోలేదు, ఎందుకంటే అడ్డుకోవడానికి కావలసిన ‘తల్లి’ అనే హోదా ఆమెకు లేదు.

హైదరాబాదు చరిత్ర తెలిసినవారికి ఇక్కడ ఖైరున్నీసా గుర్తుకు రాక మానదు. బ్రిటిషు రెసిడెంటు జేమ్స్ అకిలీస్ కిర్క్‌పాట్రిక్ ఆమెను ముస్లిం పద్ధతిలో పెళ్లాడాడు. ఇంగ్లీషు చట్టం లెక్కలో అది పెళ్లి కాదు, పిల్లలు సక్రమ సంతానం కాదు. 1805లో కొడుకును, కూతుర్ని మద్రాసులో ఓడెక్కించి ఇంగ్లండు పంపారు. కొడుక్కి నాలుగేళ్లు, కూతురికి మూడు. ఆ ఏడాదే అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో చనిపోయాడు. లండనులో పిల్లలకు జ్ఞానస్నానం చేయించి, విలియం, కాథరీన్ అని పేర్లు పెట్టారు. తల్లి వారిని మళ్లీ చూడలేదు. 1813లో చనిపోయింది. ఇక్కడా బలవంతం లేదు, కిరాతకం లేదు. తండ్రి పిల్లల మేలే కోరాడు. 1790లలో కంపెనీ, తల్లిదండ్రులలో ఒకరు దేశీయులైతే బిడ్డకు పెద్ద కొలువులు ఇవ్వరాదని కట్టడి చేసింది. పిల్లలు ఇంగ్లీషువారుగా బతకాలంటే తల్లిని వదలక తప్పని లోకం అది. ఓడెక్కేముందు మద్రాసులో చిత్రకారుడు జార్జి చిన్నెరి ఆ పిల్లలిద్దర్నీ హైదరాబాదీ దుస్తులలో చిత్రించాడు. ఆ పటం ఇంకా ఉంది. ఖైరున్నీసా ఏమనుకున్నదో చెప్పే సొంత మాటలు మాత్రం చాలా తక్కువ మిగిలాయి. చరిత్ర చెప్పలేనిచోట నవల ఎందుకు కావాలో ఈ రెండింటినీ కలిపి చదివితే తెలుస్తుంది.

ఒంతొసొరొకు మన సాహిత్యంలో దగ్గరి బంధువెవరని అడిగితే నేను మధురవాణి పేరే చెబుతాను. రెండు చోట్లా కథకు మూలం ఆడపిల్ల అమ్మకమే. అక్కడ అగ్నిహోత్రావధాన్లు, ఇక్కడ తులాంగన్ గుమాస్తా. ఇద్దరు స్త్రీలూ తమ చుట్టూ ఉన్న మగవాళ్లకంటె తెలివిగలవాళ్లు. ఇద్దరూ చదువుకున్న పెద్దమనుషుల ఎదుట నిలబడి ఆ పెద్దరికాన్ని ప్రశ్నిస్తారు. కాని గురజాడ మధురవాణికి బిడ్డనివ్వలేదు. ఈ విషయాన్ని మనం తగినంతగా గమనించామనుకోను. బిడ్డ లేదు గనుకనే ఆమె అంత తేలికగా మాట్లాడగలదు, మారువేషం వెయ్యగలదు, చివరికి నవ్వుతూ తప్పుకోగలదు. ఒక బిడ్డను ఆమె ఒడిలో పెట్టి ‘కన్యాశుల్కం’ మళ్లీ ఊహించండి. సౌజన్యారావు ఇంట్లో సంభాషణ అలా సాగదు. నాటకం అలా ముగియదు.

ఒంతొసొరొ గొప్ప ఘట్టం కూడా కోర్టులోనే. మెల్లెమా మరణం మీద విచారణ జరుగుతుంటే, ఆమె మంచి డచ్చిలో సమాధానం చెప్పబోతుంది. దేశీయులు ఆ భాషలో మాట్లాడరాదని అడ్డుకుంటారు. ప్రాసిక్యూటరు ఆమె పడకగది గురించి అడిగి నలుగురినీ నవ్విస్తాడు. అప్పుడామె ఆగదు. తనను న్యాయిని చేసింది ఎవరు, ఐరోపా దొరలు కారా, ఇప్పుడు తన కూతురూ అదే గతికి రావాలా అని అదే భాషలో నిలదీస్తుంది. తీర్పు మీద ఆ మాటల ప్రభావం లేదు. అయినా పాఠకుడు ఆ పుట దాటి తొందరగా ముందుకు పోలేడు. ఏ భాషలో మాట్లాడితే మనిషిగా లెక్కిస్తారు అనేది ఈ ప్రాంతపు విద్యార్థులకు పుస్తకాల ప్రశ్న కాదు. తమిళనాడు 2006 నాటి తమిళ అభ్యసన చట్టం తరవాత పదో తరగతి పరీక్ష ఏ భాషలో రాయాలన్న దాని మీద తెలుగు పిల్లల తల్లిదండ్రులు హైకోర్టు దాకా వెళ్లారు. రెండూ ఒకటే అని నేననను. ఒంతొసొరొకు నిషేధించింది ఏలినవారి భాష, మన పిల్లలు అడిగింది తల్లి భాష. కాని భాష ఒక ఖాతా అన్న సంగతి మనవాళ్లకు విడమరచి చెప్పనక్కరలేదు.

పిలుపుల సంగతీ చూడాలి. మొదటిసారి ఆ ఇంటికి వెళ్లిన మింకెకు ఆమెను ఏమని పిలవాలో తెలియదు. డచ్చి దొరసానిని పిలిచినట్టు పిలిస్తే అబద్ధం, న్యాయి అంటే అవమానం. ఆమే దారి చూపుతుంది: అన్నెలీస్ లాగే ‘మామా’ అని పిలవమంటుంది. ఆ భాషలో మామా అంటే అమ్మ. ఇది తెలుగులోకి తెచ్చేవారికి మంచి పరీక్ష. ‘మామా’ అని ఉంచితే మన పాఠకుడు మేనమామ అనుకుంటాడు. ‘అమ్మగారూ’ అంటే యజమానురాలవుతుంది. పెళ్లి అయ్యాక ‘అత్తా’ అంటే కథే మారిపోతుంది. మన వైపు ఇళ్లలో వినిపించే ఒట్టి ‘అమా’ దీనికి సరిపోతుందని నా అభిప్రాయం. చట్టం లేదన్న తల్లి పదవిని పరాయి కుర్రవాడి నోట పలికించుకుంటుంది ఆమె. అనువాదం అది పోగొట్టకూడదు.

నవలలో లోపాలు లేకపోలేదు. అన్నెలీస్ బొమ్మగా మిగిలింది. జ్వరం, కన్నీరు, అందం తప్ప ఆమెకు వేరే పని లేదు. కొడుకు రోబర్ట్‌ను రచయిత మరీ తొందరగా దుర్మార్గుల పక్కకు తోసేశాడు. తల్లిని అసహ్యించుకునే ఐరోపా ఖాతా బిడ్డ ఎలా తయారవుతాడన్నది ఈ కథలో అన్నిటికంటె కష్టమైన ప్రశ్న, దాన్ని రచయిత తప్పించుకున్నాడు. ఒంతొసొరొ కూడా కొడుకు పట్ల కఠినంగా ఉంటుంది. ఆ కాఠిన్యాన్ని మింకె గుర్తించడు, ఆరాధనతో చూసే కథకుడు కనుక. వేశ్యాగృహం నడిపే చీనా వర్తకుడి చిత్రణలో ఆ కాలపు వెక్కిరింత అలాగే ఉండిపోయింది.

అయినా, అంతకుముందున్న దానితో పోలిస్తే ఇది ఎంత దూరమో చూడాలి. 1896లో జి. ఫ్రాన్సిస్ రాసిన ‘న్యాయి దాసిమా’ అనే మలయు కథ బహుళ ప్రచారం పొందింది. అందులో న్యాయి మోసపోయేదే, హత్యకు గురయ్యేదే. దొర మంచివాడు, దేశీయులు చెడ్డవారు. ఆ కథను ప్రముద్య బాగా ఎరుగును. పాత మలయు కథలను పోగుచేసి 1982లో తెచ్చిన సంకలనంలో దాన్నీ చేర్చాడు. దాసిమా మీద జాలి కలుగుతుంది. ఒంతొసొరొ మీద జాలిపడే సందు ఆయన మనకివ్వడు. రెండో భాగమైన ‘అనక్ సెమువా బంగ్‌సా’లో ఇంకో అడుగు ముందుకు వేశాడు. సానికెం అన్న కూతురు సురతిని కూడా అలాగే ఒక చక్కెర మిల్లు దొర అడుగుతాడు. ఆ పిల్ల మశూచి పట్టిన ఊళ్లోకి కావాలని వెళ్లి, రోగం తగిలించుకుని దొర ఇంటికి చేరుతుంది. దొర చస్తాడు. ఆమె మొహం నిండా మచ్చలతో బతుకుతుంది.

మొదటి భాగం చివరలో అన్నెలీస్ ప్రయాణానికి సిద్ధమవుతూ ఒక పాత రేకు పెట్టె అడుగుతుంది. సొట్టలు పడ్డ చిన్న పెట్టె. పద్నాలుగేళ్ల సానికెం పుట్టిల్లు విడిచి దొర ఇంటికి వచ్చినప్పుడు చేతిలో పట్టుకున్నది అదే. మళ్లీ ఆ గడప తొక్కనని తల్లి అనుకున్న సంగతి కూతురికి తెలుసు. నవల మొత్తంలో అన్నెలీస్ తనంతట తాను చేసిన పని ఇదొక్కటే అనిపిస్తుంది. ఏ నమోదు పుస్తకమూ ఒప్పుకోని చుట్టరికాన్ని ఆ పిల్ల ఆ పెట్టెతో చెబుతుంది. ఒంతొసొరొ పెట్టె తెచ్చి ఇస్తుంది.